బైరప్ప కిడ్నీ వేషం కట్టింది

భీముడు గద ఎత్తకముందే దుర్యోధనుడు పడిపోయాడు.

అలా జరగకూడదు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో భారతం అంటే పద్దెనిమిది రోజులు. ఆఖరి రోజు పగలు దుర్యోధన వధ. ఊరి బయట బీడులో మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టినట్టు చేస్తారు. పక్కన నిలబడితే ఆ బొమ్మ ముక్కు మన నడుము ఎత్తు వస్తుంది. వేషం కట్టిన దుర్యోధనుడు దాని మీదికెక్కి, దిగి, గుండెల మీద కూర్చుని మీసం తిప్పి, భీముణ్ణి బొమ్మ చుట్టూ తిప్పి తిప్పి అలవగొట్టాలి. ఎండ నడినెత్తికి వచ్చినాక భీముడు తొడ మీద కొడతాడు. మట్టి తొడలో దాచిన ఎర్రనీళ్ల కుండ పగులుతుంది. ద్రౌపది ఆ ఎరుపు తలకు రాసుకుని జుట్టు ముడేస్తుంది. అప్పటికిగానీ జనం ఇళ్లకు పోయి అన్నం తినరు.

రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలం. సోమల పక్క పల్లెలో దుర్యోధనుడి వేషం కట్టిన బైరప్ప మట్టి బొమ్మ కడుపు మీద నిలబడి భీముడి వంశాన్ని తిడుతున్నాడు. తిట్టు సగంలో ఆపి, నడుము పట్టుకుని, పక్కకు జారి నేల మీద పడ్డాడు. భీముడు ఇంకా బొమ్మ కాళ్ల దగ్గరే ఉన్నాడు. గద భుజాన ఉంది. ఏం చేయాలో తోచక అక్కడినుంచే గదను గాలిలో ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు. గాలికే పడగొట్టాడంటే ఈ ఏడు భీముడు మామూలోడు కాదని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు.

పడినవాడు లేవడం లేదని మొదట కనిపెట్టింది ద్రౌపది. అంటే ముద్దుకృష్ణ. బైరప్ప భార్య మునిలక్ష్మికి స్వయానా తమ్ముడు. ముప్పై ఏళ్లుగా ఆ పక్క మండలాల్లో ద్రౌపది అంటే అతనే. బైరప్ప ఎన్నాళ్లుగా దుర్యోధనుడో ఇంచుమించు అన్నాళ్లుగా అతను ద్రౌపది. ఆటలో ఇద్దరికీ బద్ధవైరం, ఇంట్లో ఒకే చెంబుతో నీళ్లు తాగుతారు. ఆ పూట ద్రౌపది జుట్టు విరబోసుకుని, చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని, బీడంతా అడ్డంపడి పరుగెత్తింది. శత్రువు తల ఒళ్లో పెట్టుకుని గోడుగోడున ఏడ్చింది. కథలో ఇది లేదే అని అప్పుడు అనుమానపడ్డారు జనం.

టమోటాల టెంపోలో వేసుకుని మదనపల్లెకు తీసుకుపోయారు. కిరీటం తీశారు గానీ కట్టు తీయలేకపోయారు. దుర్యోధనుడి కట్టంటే భుజాలకు చెక్కలు, నడుముకు గడ్డితో బిగించిన చుట్టలు, వాటి మీద గుడ్డలు, అద్దాలు. ఆట మేళానికి గురువైన దేవరాజులు వెనకనుంచి ముడి మీద ముడి వేస్తాడు. స్కానింగు చేసే చోట నర్సు కత్తెర తెచ్చింది. దేవరాజులు కత్తెరకు అడ్డం నిలబడ్డాడు. తన తండ్రి చేత్తో చేసిన కట్టు అది, కత్తెర తగలనివ్వనన్నాడు. మంచం మీద బైరప్ప మూలుగుతున్నాడు. గురువు పళ్లతో ముళ్లు విప్పుతున్నాడు. పేషెంటు పేరేమని చీటీ రాసే అమ్మాయి అడిగితే, దుర్యోధనుడని చెప్పాడు భీముడు. భార్య ఎవరంటే జనమంతా ముద్దుకృష్ణ వైపు చూశారు. చీర అతని ఒంటి మీద ఉంది మరి. ఆ అమ్మాయి రాసేసుకుంది. వెనక బస్సులో మునిలక్ష్మి వచ్చి తానే భార్యనంటే, మొదటామె లోపలుందని కూర్చోబెట్టింది.

స్కానులో తేలింది ఇది. బైరప్ప ఎడమ కిడ్నీ ఎప్పుడో ఎండిపోయింది, చింతపిక్కంత మిగిలింది. ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఇన్నాళ్లూ కుడిది ఒక్కటే బండి లాగుతోంది. ఇప్పుడు దాని కింది గొట్టంలో రాయి అడ్డం పడింది. మూత్రం దిగే దారి లేక కిడ్నీ నీళ్ల తిత్తిలా ఉబ్బింది. ఒంట్లో చెడు ఎంత పేరుకుందో రక్తంలో ఒక నంబరు చూసి చెబుతారు. మామూలు మనిషికి అది ఒకటి చుట్టూ ఉండాలి. బైరప్పకు పదికి చేరింది.

మూత్రం రావడంలేదని ఎందుకు చెప్పలేదని డాక్టరు కోప్పడ్డాడు. వేషాల రోజుల్లో ఎప్పుడూ అంతే గదా అన్నాడు బైరప్ప.

అదీ సంగతి. కట్టు కట్టడానికి గంట పైన పడుతుంది. మధ్యలో ఒంటికి పోవాలంటే అంతా విప్పాలి, మళ్లీ కట్టాలి. అందుకని కట్టు కట్టినవాడు నీళ్లు ముట్టడు. గురువుల నాటి మాట. మిగతా వేషగాళ్లు కట్టుకు ముందు రెండు గంటలు మానేస్తే బైరప్ప పొద్దున లేచినప్పటినుంచే మానేసేవాడు. శివరాత్రి దాటినప్పటినుంచి ఆషాఢందాకా ఊరు తర్వాత ఊరు భారతాలే. నాలుక అంగిట్లో అతుక్కుంటే గొంతులో ఆ బొంగురు వస్తుందని, అది దుర్యోధనుడికి అచ్చొచ్చిన గొంతని పొగరు కూడా. దుర్యోధనుడు ఆట మధ్యలో ఒంటికి పోయినాడని ఎవరైనా విన్నారా అని అడిగేవాడు. ఎవరూ వినలేదు.

మదనపల్లెలో ఇది కాదు, కుప్పం దగ్గర పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ముఖాన వేషానికి పూసిన అర్దళం పసుపు రంగు అలాగే ఉంది. పలమనేరు మీదుగా జీపులో పోతుంటే చెక్‌పోస్టు పోలీసు టార్చిలైటు వేసి చూసి, ఒక్కడుగు వెనక్కి వేసి, పొమ్మన్నాడు.

కుప్పంలో వీపు పక్కనుంచి సన్నని గొట్టం దూర్చి కిడ్నీలో నిలిచిన నీళ్లకు దారి చేశారు. గొట్టం చివర సంచి. ఆ సంచి నిండింది. వంచేశారు. మళ్లీ నిండింది. గంటగంటకీ నిండుతూనే ఉంది. కట్ట తెగిన చెరువులా వచ్చింది. ఇన్నాళ్ల భారతాలన్నీ ఒక్కసారే దిగినట్టు వచ్చింది. ముద్దుకృష్ణ చీర మార్చి లుంగీ కట్టుకుని, సంచి వంచడమే పనిగా పెట్టుకున్నాడు. నిండినప్పుడల్లా వార్డులో అందరికీ చెప్పేవాడు. పక్క మంచాల వాళ్లు కూడా మెడ ఎత్తి చూసేవాళ్లు. ఊరినుంచి టెంపోలో వచ్చినవాళ్లు బైరప్ప ముఖం చూడకుండా ముందు సంచి చూసి లెంపలు వేసుకున్నారు. భీముడైతే కన్నీళ్లు పెట్టుకున్నాడు. తను గద ఊపినందుకే ఇదంతా వచ్చిందని అతనికి లోపల భయం.

బాగైపోయిందని మునిలక్ష్మి మూట సర్దింది.

వసుధ డాక్టరమ్మ వచ్చి మూట విప్పించింది. ఆమెది వాల్మీకిపురం పక్క. చిన్న మనిషి, మాట మెత్తన. నీళ్లొస్తున్నాయి గానీ కిడ్నీ నీళ్లను వడకట్టి శుభ్రం చేయడం లేదని చెప్పింది. ఉప్పూ మంచీ చెడూ ఏదీ ఏరకుండా వచ్చింది వచ్చినట్టు వదిలేస్తోందట. రాయిని రెండు రోజుల్లో తీసేస్తాం, అది చిన్న పని, లోపల ఎంత మచ్చ కట్టిందో అదే పెద్ద పని అంది. నంబరు దిగి నాలుగు లోపల నిలబడితే చాలు, ఇంటికి పోయి బతకొచ్చు. ఏడెనిమిది దగ్గర ఆగిపోతే మాత్రం రక్తం కడిగే మిషను. వారానికి మూడుసార్లు, వేలూరులో, బతికినన్నాళ్లూ.

మచ్చ లోపల ఎట్ట కడతాదని అడిగాడు బైరప్ప.

డాక్టరమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. కిడ్నీ నిండా వెంట్రుకకన్నా సన్నని గొట్టాలుంటాయని చెప్పింది. ఆ గొట్టాల గోడలు కణాలతో కట్టినవి. కణాలు గోడలో ఇటుకల్లా ఒకదాన్నొకటి ఆనుకుని, చేతులు పట్టుకుని నిలబడతాయి. తన ముందున్నది నీళ్లు, వెనకున్నది రక్తం అని ప్రతిదానికీ తెలుసు. పారే నీళ్లలోంచి ఒంటికి కావలసింది ఏరి వెనక్కి అందిస్తుంటాయి. రాయి అడ్డంపడి నీళ్లు ఎదురు తన్నాయనుకో, ఆ కణాలు దెబ్బతింటాయి. పక్కదాని చేయి వదిలేస్తాయి. ఇటుక ఆకారం పోయి పొడవుగా సాగుతాయి. ఏరే పని మర్చిపోతాయి. నార పేనే కణాల పద్ధతులు పట్టుకుంటాయి. గొట్టాల బయట ఊరికే కూర్చున్న ఇరుగుపొరుగు కణాలను కూడా లేపి నార పేనిస్తాయి. మొదట అది మంచికే, గాయం పూడాలంటే నార కావాలి. కానీ దెబ్బ ఆగకపోతే పేనడం ఆగదు. నార మీద నార పడి, గొట్టాలు దాంట్లో బిగుసుకుని చచ్చిపోతాయి. మచ్చంటే అదే. బైరప్ప ఎడమ కిడ్నీ మొత్తం ఇప్పుడు నారే.

ముద్దుకృష్ణ నిండిన సంచి చేత్తో పట్టుకునే వింటున్నాడు.

"వేషం కట్టినాయన్నమాట," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. అంతేననుకోండి, కానీ మీ వేషంలో పైన మారుతుంది, లోపల మనిషి అదే మనిషి. ఇక్కడ కణం లోపల వంట కూడా మారిపోతుంది, ముందు చేసేది చేయదు, చేయనిది చేస్తుంది అంది.

"మాకూ లోపల మారతాదమ్మా," అన్నాడు ముద్దుకృష్ణ మెల్లగా. "నాలుగు నెల్లు ఆయమ్మగా ఉండి ఇంటికి పోతే, మా ఇంటామె గొంతెత్తి మాట్లాడినా నాకు సభలో నిలబెట్టినట్టుంటాది."

బైరప్పకు నవ్వొచ్చింది. వీపులో గొట్టం కలుక్కుమన్నా ఆపుకోలేకపోయాడు. వీడు పొలం దున్నడానికి మడకకు వంగినా ముందు పైట సర్దుకుంటాడమ్మా, భుజం మీద పైటే ఉండదు అని చెప్పాడు. నువ్వు మాత్రం తక్కువా అన్నాడు ముద్దుకృష్ణ. ఎద్దు కొమ్ములాడిస్తే దానితో కూడా రాజ్యంలో భాగం ఇయ్యను పో అన్నోడివి. వార్డంతా నవ్వింది. నర్సు వచ్చి కసిరింది.

నవ్వులు తగ్గినాక బైరప్ప అసలు మాట అడిగాడు.

"వేషం దీసి మళ్లా పాత పనికి వస్తాయా అమ్మా, రావా?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది. కొద్దిగా మారినవి, దెబ్బ ఆగితే వెనక్కి వస్తాయి, అది చూశాం అంది. బాగా దూరం పోయినవి వస్తాయో రావో తెలియదు. అసలు గొట్టం కణాలు పూర్తిగా నార కణాలైపోతాయా, లేక సగం వేషంతో నిలబడి ఇరుగుపొరుగు చేత పని చేయిస్తాయా అని పెద్దపెద్ద డాక్టర్లే పోట్లాడుకుంటున్నారు. ఎలుకల్లో ఒక మందిచ్చి మచ్చ తగ్గించామని, కిడ్నీ మళ్లీ పని చేసిందని కొందరు రాశారు. మనుషులకు అలాంటి మందు లేదు. మీ లోపల ఎవరు ఎంత దూరం పోయారో నేను చూడలేను. మూడు నెలలు ఆగితే నంబరే చెబుతుంది. ఈలోపల వాటికి మళ్లీ దెబ్బ తగలకుండా చూడటమే మన పని. నీళ్లు బాగా తాగండి, ఒంటికి వస్తే ఆపుకోవద్దు, ఒళ్లు నొప్పులకు అంగడి బిళ్లలు మింగొద్దు. ఇంతే చెప్పి లేచిపోయింది.

ఇది విన్న దేవరాజులుకు ఆ రోజంతా అన్నం సహించలేదు. ఆయనకు లోపం ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది.

ఆయన మేళంలో ఒక ఆచారం ఉంది. వేషం తీసి, కొబ్బరి నూనెతో రంగు తుడిచినాక, గురువు వేషగాణ్ణి ఇంటిపేరు, తండ్రిపేరు, సొంతపేరు కలిపి మూడుసార్లు పిలుస్తాడు. వాడు మూడుసార్లు పలకాలి. పలికితేనే రాజు పోయి రైతు వచ్చినట్టు. పలికేదాకా వాడి విస్తట్లో అన్నం వేయరు. బైరప్పను ఆ రోజు ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు. టెంపో ఎక్కించారు. మనిషే దుర్యోధనుడుగా మంచం మీద పడుంటే లోపలి కణాలు వేషం ఎందుకు తీస్తాయి?

మరునాడు పొద్దున మేళం మేళమంతా వార్డులోకి దిగింది. దేవరాజులు స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చాడు. నర్సు చూస్తుండగానే బైరప్ప ముఖానికి నూనె రాసి, చెవుల వెనక మిగిలిన పసుపు రంగు తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు. ఎగువింటి మునెప్ప కొడుకు బైరప్పా అన్నాడు. ఆయన గొంతు మైకు లేకుండా మూడూళ్లకు వినిపించే గొంతు. కింద ఓపీలో వరసలో నిలబడిన వాళ్లు కూడా తల ఎత్తారు. బైరప్ప మూడుసార్లు పలికాడు. మునిలక్ష్మి కళ్లొత్తుకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. బావ పలికినాడు సరే, లోపలోళ్లను ఎవరు పిలుస్తారు అన్నాడు ముద్దుకృష్ణ. వాటికి పేర్లు లేవే అన్నాడు గురువు. ఇంటిపేరు ఒకటే గదా అన్నాడు భీముడు. అది న్యాయంగానే తోచింది. దేవరాజులు వంగి, బైరప్ప కుడి పక్క దుప్పటి తొలగించి, నడుముకు నోరు ఆనించి, ఎగువింటోళ్లారా అని పిలవడం మొదలుపెట్టాడు. పలకాల్సిన వాళ్లు పలకకపోతే వాళ్ల తరఫున మేళమంతా ఒక్క గొంతుతో ఆఁ అంది. సరిగ్గా అప్పుడు రౌండ్సుకు వచ్చింది డాక్టరమ్మ.

గుమ్మంలో ఆగి మూడో పిలుపు అయ్యేదాకా చూసింది. ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత అందర్నీ బయటికి పొమ్మని, పిలిస్తే పిలిచారు గానీ నీళ్లు మాత్రం తాగించండి అని చెప్పి పోయింది.

ఆ సాయంత్రం నంబరు ఏడుకు దిగింది. గొట్టం వేసినందుకు దిగింది. ఆ మాట మేళంలో ఎవరితోనూ అనే వీలు లేకపోయింది.

రాయి తీశారు. గొట్టం తీశారు. ఇంటికి పంపే రోజుకు నంబరు అయిదున్నర. అక్కడ నిలబడిపోయింది. తర్వాత పదిహేను రోజులకు చూసినా అంతే. ఆపై నెలకూ దాదాపు అంతే. అటు మిషనూ కాదు, ఇటు ఇల్లూ కాదు. బైరప్ప పొద్దున లేచి కూర్చుని, నడుం పక్కన చేయి వేసుకుని, లోపల ఏమైనా తెలుస్తుందేమోనని చూసేవాడు. ఏమీ తెలిసేది కాదు. నీళ్లు తాగేవాడు. పొలంలో ఒక కుండ, గట్టున ఒక కుండ, మంచం కింద ఒక కుండ. ఇంతకాలం నీళ్లు మానడంలో చూపిన పంతం ఇప్పుడు తాగడంలో చూపాడు. టమోటా గంపలు మోస్తూ సగం దారిలో గంప దించి పక్కకు పోయేవాడు. ఊరివాళ్లకు అలవాటైపోయింది.

ఆషాఢంలో సోమలలో భారతం. ఆఖరి రోజు ముందర, బైరప్ప బదులు కడుతున్న దుర్యోధనుడికి జ్వరం తగిలింది. పెద్దమనుషులు బైరప్ప ఇంటికొచ్చి నిలబడ్డారు. మునిలక్ష్మి ఊడ్చే పొరక చేతికి తీసుకుంది. డాక్టరమ్మ వేషం కట్టొద్దనలేదు, నీళ్లు ఆపొద్దంది, అంతే గదా అన్నాడు బైరప్ప. ఇంకో పది రోజుల్లో కుప్పంలో ఆఖరి రక్తపరీక్ష. అదయినాక కట్టుకో, ఎవురొద్దన్నారు అంది మునిలక్ష్మి. అదయినాక మిషనుకు కట్టేస్తే ఈ జన్మకు కట్టేది యాడ అన్నాడు ఆయన. ఆమె పొరక కింద పెట్టింది.

నీళ్లు తాగుతానని ఒట్టు వేసి పోయాడు. తాగలేదు. పొద్దున రెండు చెంబులు తాగాడు, అది నిజమే. కట్టు బిగించేసరికి పాత మనిషి లోపల లేచి కూర్చున్నాడు. దేవరాజులు ఆఖరి ముడి వేసి, సైగతో చెంబు చూపించాడు. బైరప్ప తల అడ్డం తిప్పాడు. మట్టి బొమ్మ మీదికెక్కాడు. గొంతు బొంగురు తేలింది. జనం ఈలలు వేశారు. మూడు నెలలు చిక్కిన మనిషి మీసం తిప్పుతుంటే ఎండే పక్కకు తప్పుకున్నట్టుంది. భీముడు, పాపం, ఈసారి గద భుజాన పెట్టకుండా రెండు చేతులతో గుండెలకు పట్టుకుని తిరుగుతున్నాడు, ఎక్కడ ఊగుతుందోనని.

ఎండ ఎక్కింది. బైరప్ప పెదాలు తెల్లబడ్డాయి. ఒకసారి మాట తడబడింది. బొమ్మ చెవి పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ద్రౌపది రావాల్సిన వేళ కాదది. దుర్యోధనుడి తొడ విరిగితేగానీ ఆమె రాకూడదు. ముద్దుకృష్ణ జనాన్ని తోసుకుని వచ్చాడు. జుట్టు విరబోసి ఉంది. చేతిలో పెద్ద ఇత్తడి చెంబు. బొమ్మ చేతి మీదుగా ఎక్కి, కడుపు మీదికి నడిచి, తన మానం తీసినవాడికి ఎదురుగా నిలబడి చెంబు చాచాడు.

మద్దెల ఆగిపోయింది.

"తాగు," అన్నాడు.

"యాడికొచ్చినావురా, పో," అన్నాడు బైరప్ప పళ్ల సందునుంచి.

"తాగు బావా. నీ నెత్తురు నాకు కావల్సిందే. ఎండిపోయిన నెత్తురు నేనేం జేసుకునేది?"

ముందు వరస ఆడవాళ్లు ఒక్కసారిగా పక్కున నవ్వారు. వెనకవాళ్లకు వినబడక ఏమంది ఏమంది అని అడిగారు. మాట బీడు చివరిదాకా పాకింది, నవ్వు దాని వెంట పాకింది. వంతపాటవాళ్లు దేవరాజులు ముఖం చూస్తున్నారు. ఏదో ఒకటి పాడక తప్పదు. ద్రౌపది ధర్మం తప్పనిదనీ, దాహంతో ఉన్నవాణ్ణి చంపితే పాపమని పగవాడికి నీళ్లు తెచ్చిందనీ అప్పటికప్పుడు ఒక పద్యం కట్టి పాడేశాడు. ఆయన జీవితంలో సొంతంగా కట్టింది అదొక్కటే. మద్దెల కలిసింది. సోమల జనం ఈ కథ తమకు తెలియనందుకు సిగ్గుపడి తలలూపారు.

బైరప్ప చెంబు అందుకున్నాడు. ఎత్తి పట్టి తాగాడు. గుటకకు గుటకకు జనం ఊఁ కొట్టారు. ఒక చెంబు అయినాక ఇంకోటి అడిగాడు. అది కూడా తాగి మూతి తుడుచుకుని, మళ్లీ తిట్లు అందుకున్నాడు. గొంతులో బొంగురు పోయింది. ఎవరికీ లోటనిపించలేదు.

తాగిన నీళ్లు ఊరుకోవు గదా. అరగంటకు దుర్యోధనుడు చేయెత్తి యుద్ధం ఆపాడు. భీముడి చెవిలో ఏదో చెప్పాడు. భీముడు గద ఆనించుకుని నిలబడిపోయాడు. దేవరాజులు తన తండ్రి చేసిన కట్టును మామిడి తోపులో గబగబా విప్పుతూ, ఇన్నాళ్లూ మిగతా వేషాలోళ్లు ఎట్ట చేస్తా ఉండారో అని గొణిగాడు. ముద్దుకృష్ణ నోరు జారాడు. చీరకు ఈ బాధ లేదన్నాడు. వస్త్రాపహరణంలో పాచికలాట పాడేంత సేపూ ద్రౌపది లోపలే గదా, ఏ ఆటలోనూ తాను ఆపుకోలేదట. పైగా ప్రతి ఆటకూ ఒక ముంత మజ్జిగ. గురువు చేతిలో ముడి జారింది. బైరప్ప తోపులో చెట్టు పట్టుకుని నవ్వాడు, వచ్చిన పని చేసుకుంటూనే నవ్వాడు.

ఆ రోజు దుర్యోధనుడు చెప్పిన వేళకే చచ్చాడు. భీముడు చాలా మెత్తగా కొట్టాడు.

పది రోజులకు కుప్పం పోయారు. బైరప్ప, మునిలక్ష్మి, ముద్దుకృష్ణ. మిగతా మేళాన్ని రావొద్దన్నారు. రక్తం ఇచ్చి, డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. మునిలక్ష్మి బైరప్ప మోచేయి పట్టుకుంది, విడవలేదు. లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ కాగితం చూసింది. పాత కాగితం తీసి పక్కన పెట్టి చూసింది.

"మూడు పాయింట్ రెండు," అంది.

అది దిగినట్టా ఎక్కినట్టా అని ముగ్గురికీ ఒక్కసారే అర్థం కాలేదు. దిగిందని ఆమె చెప్పింది. నాలుగు లోపలికి వచ్చింది. ఇప్పటికి మిషను అక్కర్లేదు. ఇకముందు ఎప్పుడో కావచ్చు, కాకపోనూవచ్చు. వెనక్కి రాగలిగిన కణాలు వచ్చినట్టున్నాయి, చేతులు పట్టుకుని గోడలో నిలబడ్డాయి, ఏరే పని చేస్తున్నాయి. నారైపోయిన చోటు మాత్రం నారే. మీది పూర్తి కిడ్నీ కాదు, పావు కన్నా తక్కువే, దానితోనే బతకాలి, జాగ్రత్తగా చూసుకోవాలి అని చెప్పింది.

"మిగిలినోళ్లు ఇంక రారా అమ్మా?"

"తెలీదు బైరప్పగారూ. వస్తారని చెప్తే అబద్ధం. రారని చెప్పినా అబద్ధమే కావచ్చు. ఎలుకల్లో వచ్చినాయి."

"మా బావ ఎలుకకన్నా మొండోడమ్మా," అన్నాడు ముద్దుకృష్ణ.

మునిలక్ష్మి అప్పటికే లేచి నిలబడింది. వచ్చినోళ్లు సాలు, వాళ్లకు ఎండలో నీళ్లు పట్టండి, పోదాం పాండి అంది. మెట్లు దిగుతూ ముందు ఆమెకే నవ్వు మొదలైంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. ముద్దుకృష్ణకు అంటుకుంది. మూడో మెట్టు మీద బైరప్ప గోడకు ఆనుకుని నవ్వాడు. పైకి ఎక్కే పేషెంట్లు ఆగి, వీళ్లకు లోపల ఏం మందిచ్చారో కనుక్కోవాలనుకున్నారు.

పలమనేరు బస్సెక్కారు. కుప్పం దాటి కాస్త దూరం పోయినాక బైరప్ప లేచి కండక్టరు భుజం తట్టాడు. ఈడ స్టాపు లేదప్పా అన్నాడు కండక్టరు. నేను దిగాల అన్నాడు బైరప్ప. ఆయన మాటలో ఏముందో గానీ డ్రైవరు బ్రేకు వేశాడు. బైరప్ప దిగి, దారి పక్కన కంచెచెట్ల చాటుకు పోయాడు. బస్సులో జనం గొణిగారు. ఒకాయన తనకు పలమనేరులో పెళ్లి ముహూర్తం ఉందన్నాడు. ముద్దుకృష్ణ కిటికీలోంచి తల పెట్టి, కానీ బావా, ముహూర్తం ఆగతాది అని కేక వేశాడు. బస్సు నిండా నవ్వు లేచింది. కండక్టరు విజిలు వేశాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

బైరప్ప తొందరపడలేదు.